అరచేతిలో అమృతాంజనం

వందేళ్ల కిందటి తెలుగు పత్రికల్లో ప్రకటనల పేజీలు చూస్తే మందులదే రాజ్యం. నీరసానికి లేహ్యం, జుట్టుకు తైలం, జ్వరానికి మాత్రలు, ఆడవాళ్ల బాధలకు అరకులు. ప్రతి మందూ దివ్యౌషధమే. తయారుచేసిన ప్రతివాడూ ధన్వంతరికి దగ్గరి చుట్టమే. ఆ పేర్లలో చాలావాటిని ఇవాళ పాత పత్రికలు తిరగేసే పరిశోధకులు తప్ప ఎవరూ ఎరగరు. అమృతాంజనం మాత్రం ఇప్పటికీ వీధి చివరి కిరాణా కొట్లో దొరుకుతుంది. ఒకటి నిలిచి తక్కినవి పోవడానికి జనం రెండు కారణాలు చెబుతుంటారు. సరుకు మంచిదైతే దాని గురించి ఎవరూ నోరు విప్పనక్కర్లేదు, దానంతటదే అమ్ముడుపోతుందన్నది ఒకటి. నోరున్నవాడిదే వ్యాపారమన్నది రెండోది. మొదటిది నమ్మినవాడు సిగ్గుపడి తన సరుకు సంగతి నలుగురిలో ఎత్తడు. రెండోది నమ్మినవాడు పెళ్లికి పోయినా విజిటింగ్ కార్డు చేతిలో పెట్టందే పక్కవాణ్ణి విస్తరి ముందు కూర్చోనివ్వడు. బొంబాయి, మద్రాసుల్లో తెలుగువాళ్లు నడిపిన మందుల వ్యాపారాన్ని పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు. ఆ వ్యాపారులు తమ గురించి చెప్పుకోవడానికి ఏమాత్రం మొహమాటపడలేదు. అయితే వాళ్లలో తెలివైనవాళ్లు సరుకు మంచిచెడ్డలు తేల్చే పనిని కొనేవాడికే అప్పగించారు. అలా అప్పగించడానికి వీల్లేని సరుకు దగ్గరే చిక్కంతా వచ్చింది.

అమృతాంజనం పుట్టింది 1893లో, బొంబాయిలో. దాన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు 1867లో కృష్ణా జిల్లాలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టం పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో పట్టభద్రుడైన తెలుగు బ్రాహ్మణ యువకుడికి సర్కారు కొలువో వకీలు వృత్తో సహజమైన దారి. ఆయన ఆ దారిన పోలేదు. మందుల వ్యాపారం మెళకువలు కలకత్తాలో నేర్చుకుని, తర్వాత బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో పనిచేశాడు. ఆ తర్వాతే సొంతంగా తలనొప్పి మందు మొదలుపెట్టాడు. ఆ ఊళ్లో వ్యాపారం గుజరాతీలది, పార్సీలది. ఎవరి సరుకుకు వాళ్ల కులం, వాళ్ల పేట, వాళ్ల బంధుత్వం పూచీ. కృష్ణా తీరం నుంచి వచ్చినవాడికి ఆ పూచీ లేదు. ఊరి భాష తన భాష కాదు. తన మందు మంచిదని తాను చెబితే నమ్మడానికి ఎవరికీ ప్రత్యేకమైన కారణం లేదు. ఈ స్థితిలో ఆయన చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. సంగీత సభలకు వచ్చినవాళ్లకు అమృతాంజనం ఉచితంగా పంచాడు.

ఈ సంగతిని ఉదారబుద్ధికి నిదర్శనంగానో, వ్యాపారపు గడుసుతనానికి నిదర్శనంగానో చెప్పి ఊరుకుంటారు. అసలు విశేషం అది కాదు. కచేరీ అంటే గంటల తరబడి ఒకేచోట కూర్చోవడం. జనం ఉక్క, దీపాల వేడి, రాత్రి జాగరణ. తలనొప్పికి అంతకన్నా అనుకూలమైన చోటు వెతికినా దొరకదు. మందు రాసుకున్న కాసేపటికే చర్మం చురుక్కుమంటుంది, తర్వాత చల్లబడుతుంది. పనిచేసిందో లేదో చెప్పడానికి వైద్యుడు అక్కర్లేదు. రాసుకున్నవాడి నుదురే సాక్షి. పైగా ఆ ఘాటు పక్క వరుసదాకా పోతుంది కాబట్టి, తీసుకోనివాడికి కూడా తీసుకున్నవాడి సంగతి తెలుస్తుంది. అమ్మేవాడు మరాఠీలోనో గుజరాతీలోనో ఒక్క ముక్క మాట్లాడవలసిన పని లేదు. పొగడ్త లేదు, హామీ లేదు. తీర్పు చెప్పే అధికారం మొత్తం ఎదుటివాడికి ఇచ్చేసి తాను పక్కకు తప్పుకోవడమే ఇక్కడ ప్రచారం. మందు పనిచేయకపోతే అదే సభలో అందరి ముందూ నవ్వులపాలు కావలసి వచ్చేది. ఆ నష్టానికి సిద్ధపడ్డాడన్న సంగతే ఏ ప్రకటనా ఇవ్వలేని పూచీ.

మచ్చు చూపించడం నాగేశ్వరరావు కనిపెట్టిన విద్యేమీ కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. సంతలో బెల్లం అమ్మేవాడు చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకోమంటాడు, అత్తరువాడు దూదికి అద్ది ముంజేతికి రాస్తాడు. కానీ సంతకు వచ్చినవాడు కొనడానికే వచ్చాడు; సభకు వచ్చినవాడు పాట వినడానికి వచ్చాడు. కొనే ఉద్దేశం లేనివాడి దగ్గరికి సరుకు తీసుకుపోవడంలో ఒక చొరబాటు ఉంది. ఆ చొరబాటును అతను మన్నించాలంటే, కొనకపోయినా తనకేదో మేలు జరిగిందనిపించాలి. తలనొప్పి తగ్గినవాడికి అది జరిగింది. ఈనాడు కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు చుట్టాల వాట్సాప్ గుంపుల్లో రోజుకో పోస్టరు పెట్టి, ఎవరూ పలకడం లేదేమని బాధపడుతుంటారు. ఆ పోస్టరు చూసినవాడికి కొనకుండానే దక్కింది ఏమిటన్న ప్రశ్న వేసుకుంటే జవాబు తెలిసిపోతుంది.

మచ్చు ఇవ్వడం దానంతటదే మంచిపని అని మాత్రం నా ఉద్దేశం కాదు. ఇదే పద్ధతిని అతి పెద్ద ఎత్తున వాడింది మన దేశంలో తేయాకు వ్యాపారం. ఎగుమతి అయ్యే టీ మీద చిన్న పన్ను వేసి, ఆ డబ్బుతో టీకి ప్రచారం చేయడానికి 1903లోనే చట్టం వచ్చింది. 1930లలో ప్రపంచ మార్కెట్ పడిపోయి సరుకు మిగిలిపోయాక తోటల యజమానుల చూపు గట్టిగా ఈ దేశపు జనం మీద పడింది. వీధుల్లో, సంతల్లో, రైల్వే స్టేషన్లలో కప్పులకొద్దీ ఉచితంగా పోశారు. నీళ్లు ఎంత మరగాలి, ఆకు ఎంత వేయాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది బొమ్మలతో, దేశభాషల్లో రాసిన ఎనామిల్ పలకలు స్టేషన్లలో బిగించారు. ప్రచారంగా చూస్తే దాన్ని మెచ్చుకోక తప్పదు. వాడకం నేర్పడం కన్నా గట్టి ప్రకటన లేదు. కానీ ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ లాంటి రసాయన శాస్త్రవేత్త, స్వయంగా బెంగాల్ కెమికల్స్ స్థాపించిన వ్యాపారి, ఈ టీ ప్రచారాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. పేదవాడి పాలూ తిండీ పోయి వాటి స్థానంలో వేడినీళ్లు వస్తున్నాయన్నది ఆ కాలంలో టీని కాదన్నవాళ్ల గోడు. మొదటి కప్పు రుచి తాగినవాడికి తెలుస్తుంది. పదేళ్ల అలవాటు ఏం చేస్తుందో ఆ కప్పు చెప్పదు. మచ్చు తనకు తెలిసినంతవరకే సాక్ష్యం చెబుతుంది. కాబట్టి సరుకు గుణం ఎంతసేపటికి బయటపడుతుందన్నది ఇక్కడ కీలకం.

దీనికి పూర్తి ఉదాహరణ కేసరి కుటీరం. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరులో పుట్టిన కోట నరసింహం, తర్వాత కె.ఎన్. కేసరిగా పేరుపడ్డవాడు, చిన్నతనంలోనే పేదరికంతో పల్లె వదిలి మద్రాసు చేరాడు. ఆయుర్వేదం నేర్చి కేసరి కుటీరం స్థాపించాడు. ఆ సంస్థకు పేరు తెచ్చింది లోధ్ర, ఆడవాళ్ల కోసం చేసిన టానిక్కు. ఇక్కడ సంగీత సభ ఉపాయం పనికిరాదు. లోధ్ర ఒక చెంచాడు తాగి చూస్తే తెలిసేది రుచి ఒక్కటే. గుణం తెలియాలంటే వారాలూ నెలలూ కావాలి, తెలిసినా అది మందు వల్లో, తిండి వల్లో, కాలం వల్లో తాగినామె కచ్చితంగా చెప్పలేదు. పైగా ఆ బాధలు అప్పటి ఇళ్లలో పైకి చెప్పుకునేవి కావు. మందు కొనడానికి అంగడికి పోయేది మగవాడు, తాగేది ఇంట్లో ఆడది. నుదుటి సాక్ష్యం లాంటిది ఏదీ లేనిచోట అమ్మేవాడు నమ్మకాన్ని ఎక్కణ్ణుంచి తేవాలి? కేసరి 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక పెట్టాడు. స్త్రీల కోసం నడిచిన ఆ పత్రికలో కథలు, ఆరోగ్య విషయాలు, సంస్కరణ చర్చలు, రచయిత్రుల రచనలు వచ్చాయి. 1934 నుంచి రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇవ్వడం మొదలైంది. తెలుగులో ఆడవాళ్ల రాతలకు పత్రికల్లో చోటు దొరకడమే కష్టమైన రోజుల్లో ఆ బంగారు కడియం విలువ తులాల్లో తూచేది కాదు. లోధ్ర ప్రకటన ఆ పత్రికలో ఉండేది. ఆ ప్రకటన కోసమే పత్రిక అన్నట్టు మాత్రం ఉండేది కాదు.

వ్యాపారి సాహిత్యానికి బహుమతి ఇవ్వడంలో బెంగాల్ మనకన్నా ముందుంది. కుంతలీన్ అనే తలనూనె తయారుచేసిన హేమేంద్రమోహన్ బోస్ 1896లో కథల పోటీ పెట్టాడు. కథలో కుంతలీన్, దెల్‌ఖోష్ అనే తన అత్తరు ప్రస్తావన రావాలి, కానీ అది ప్రకటనలా కనిపించకూడదు అని షరతు. మొదటి ఏడాది బహుమతి గెలిచింది జగదీశ్ చంద్ర బోస్. తుఫానులో చిక్కిన ఓడ మీదినుంచి సముద్రంలోకి తలనూనె ఒలకబోస్తే అలలు అణిగిపోయే కథ అది. బెంగాలీలో తొలి వైజ్ఞానిక కల్పనల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ లెక్కిస్తారు. తర్వాత కొన్నేళ్లకు శరత్‌చంద్రుడి కథ ఒకటి, మేనమామ పేరుతో వెళ్లి, ఇదే బహుమతి కొట్టింది. కుంతలీన్ వాసన ఎలా ఉండేదో ఎరగనివాళ్లు కూడా ఆ రెండు కథల గురించి మాట్లాడుకుంటారు. ఇది ఎంత ముచ్చటగా ఉన్నా, కేసరి చేసింది ఇంతకన్నా నిజాయితీగల పని అనిపిస్తుంది నాకు. కుంతలీన్ పోటీలో కథకుడు సరుకును కథలో దాచి పెట్టాలి, పాఠకుడు దాన్ని ప్రకటన అనుకోకూడదు. 'గృహలక్ష్మి'లో ప్రకటన ప్రకటనగానే ఉంది, కథ కథగానే ఉంది. చదివే ఆమెకు ఏది ఏదో తెలుసు. డబ్బు తీసుకుని సొంత అనుభవంలా సరుకును మెచ్చుకునే ఇప్పటి ఇన్‌ఫ్లూయెన్సర్ల తాతముత్తాతలు ఎక్కడున్నారని ఎవరైనా వెతికితే కుంతలీన్ షరతు దగ్గర ఆగవచ్చు.

మళ్లీ నాగేశ్వరరావు దగ్గరికి వస్తే, ఆయన 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక మొదలుపెట్టాడు. 1914లో దాన్ని మద్రాసుకు తరలించి దినపత్రిక చేశాడు. 1924లో 'భారతి' వచ్చింది, 1926లో ఆంధ్ర గ్రంథమాల. ఉగాదికి వెలువడే ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు తెలుగు చరిత్ర, భాష, శాసనాల మీద పనిచేసేవాళ్లకు ఇప్పటికీ ఆధార గ్రంథాలే. ఈ మొత్తానికి డబ్బు పోసింది తలనొప్పి మందు. దీన్ని వ్యాపార ప్రచారం ఖాతాలో రాయడం అన్యాయమని చాలామందికి తోస్తుంది. విశ్వదాత అనీ దేశోద్ధారక అనీ జనం పిలుచుకున్న మనిషి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయినవాడు, 1937లో రాయలసీమ, కోస్తా నాయకులు ఒడంబడిక రాసుకోవడానికి శ్రీబాగ్ అనే తన ఇంటినే వేదిక చేసినవాడు, బామ్ సీసాలు అమ్ముకోవడానికి పత్రిక పెట్టాడంటే ఒప్పుకోవడం కష్టమే. నేను ఉద్దేశం గురించి అనడం లేదు. ఉద్దేశం దేశసేవే అనుకుందాం. అయినా ఫలితంలో అమృతాంజనం పేరు ప్రతి తెలుగు ఊరికీ పత్రికతో పాటు చేరింది. లాభం కోసమే చేసినవాడైతే సర్కారుతో తగాదా పెట్టుకునే పత్రిక కన్నా క్షేమకరమైన మార్గాలు ఆయనకు బోలెడున్నాయి. ఆ నష్టభయం కళ్లకు కనిపించింది కాబట్టే పత్రికను ఎవరూ మందు సీసాకు చుట్టిన కాగితంలా చూడలేదు. ఆంధ్రపత్రిక చదివినవాడు జీవితంలో ఒక్క సీసా కొనకపోయినా ఆ రోజు వార్తలు, సంపాదకీయం అతనికి దక్కాయి. సభలో పంచిన మచ్చుకూ దీనికీ స్వభావంలో తేడా లేదు, పరిమాణంలోనే తేడా.

ప్రకటనలంటేనే పడనివాళ్ల వాదం కూడా వినాలి. వాళ్లలో పెద్దవాడు గాంధీ. యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికల్లో ఆయన ప్రకటనలు వేయలేదు. పత్రికల్లో వచ్చే మందుల ప్రకటనల మీద ఆయనకున్న ఏవగింపు అందరికీ తెలిసిందే. అవసరం లేనిదాన్ని అవసరమనిపించి, అబద్ధాన్ని అచ్చేసి, ఆ డబ్బుతో నీతులు ముద్రించే పత్రిక మీద గౌరవం ఉండదన్నది ఆ వాదసారం. దానిలో బలముంది. కానీ అదే గాంధీ ఖద్దరుకు చేసినంత ప్రచారం ఈ దేశంలో మరే గుడ్డకూ ఎవరూ చేయలేదు. కాంగ్రెస్ మహాసభ ఎక్కడ జరిగినా పక్కన ఖాదీ ప్రదర్శన, నూలు వడికే పోటీ. నాయకులు ఖద్దరు మూటలు భుజాన వేసుకుని వీధుల్లో అమ్మారు. 1923లో కాకినాడ మహాసభ వేళ ఆ ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్ లేదని నెహ్రూనే ఆపిన బాల వాలంటీరు దుర్గాబాయి కథ తెలుగువాళ్లకు కొత్తది కాదు. కొనడానికి రమ్మని పిలిచే చోట లోపలికి రావడానికి డబ్బు కట్టమనడం విచిత్రంగా తోచవచ్చు, కానీ లోపల చూడదగ్గది ఉందని నమ్మినవాళ్లే ఆ పని చేయగలరు. రాట్నం తిరుగుతుంటే చూడవచ్చు, దారం పట్టి లాగవచ్చు, గుడ్డ ముతకో నాజూకో వేళ్లకు తెలుస్తుంది. గాంధీ తిరస్కరించింది పరీక్షకు నిలవని మాటనే. పరీక్షకు పెట్టే ప్రచారాన్ని ఆయన జీవితాంతం చేశాడు.

ఈ వాదాన్ని నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న మరొకటి ఉంది. నిలిచినవాడి పద్ధతి చూసి అదే గెలుపు రహస్యమని చెప్పడం తేలిక. మచ్చులు పంచి దివాళా తీసినవాళ్లు, పత్రిక పెట్టి ఆస్తి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో, వాళ్ల పేర్లు చరిత్రకు అందవు. తెలుగులో సొంత డబ్బుతో పత్రిక నడిపి అప్పులపాలైనవాళ్ల జాబితా చిన్నదేమీ కాదు. కాబట్టి ఉచితంగా పంచితే లాభం వచ్చి తీరుతుందని ఈ చరిత్ర చెప్పదు, నేనూ చెప్పను. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. మందు ఇంకా అమ్ముడుపోతోంది. అంటే ప్రచారం పోయినా సరుకు బతకగలదు. ఇక్కణ్ణుంచి తీసుకోగలిగింది ఇంతే: ఈ పద్ధతిలో ఓడిపోయినవాడు కూడా ఎవరినీ మోసం చేయలేదు. మచ్చు రాసుకున్నవాడికి నొప్పి తగ్గింది, పత్రిక చదివినవాడికి విషయం తెలిసింది. నష్టం ఏదైనా ఉంటే పెట్టుబడి పెట్టినవాడిదే. మాటల మీదే నడిచే ప్రచారంలో నష్టం కొన్నవాడి మీద పడుతుంది, అదీ ఆలస్యంగా. చిన్న పెట్టుబడిదారుకు ఇది ఎలా సాధ్యమనే శంక కూడా నిలవదు. కచేరీలో ఒక్కొక్కరికి పట్టింది వేలి కొసకు అంటినంత మందు. ఖర్చు చిన్నదే, కష్టమంతా పనితనం మీద నమ్మకంలో ఉంది.

అప్పటికప్పుడు పరీక్షించలేని సరుకు విషయంలో మాత్రం వ్యాపారుల నిగ్రహాన్ని నమ్ముకుని దేశం ఎంతోకాలం ఊరుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకే, 1954లో, మందుల గురించీ మాయచికిత్సల గురించీ అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే చట్టం వచ్చింది. గర్భస్రావం, లైంగిక సామర్థ్యం, రుతు సంబంధ దోషాలు, ఇంకా ఒక పట్టికలో చేర్చిన జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం నేరమైంది. చట్టం ఎంచుకున్న జబ్బులు చూడండి: మచ్చుతో తేలనివి, సిగ్గుతో బయటపెట్టలేనివి, భయంతో ఎవరి మాటైనా నమ్మించేవి. తలనొప్పి లేపనం గురించి చట్టానికి అంత ఆందోళన లేదు. హమ్‌దర్ద్ దవాఖానా ఈ చట్టం మీద సుప్రీంకోర్టుకు వెళితే, 1959 డిసెంబరులో కోర్టు కొన్ని భాగాలు కొట్టేసినా, ఇలాంటి వ్యాపార ప్రకటనకు వాక్‌స్వాతంత్ర్యపు రక్షణ లేదంది. 1995లో టాటా ప్రెస్ కేసులో వ్యాపార ప్రకటన కూడా వాక్కేనని ఒప్పుకుంది, అబద్ధపు ప్రకటనకు మాత్రం ఆ గౌరవం ఇవ్వలేదు. 2024 ఏప్రిల్‌లో పతంజలి సంస్థ ప్రకటనల మీద కేసు అదే కోర్టులో, తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ అహ్‌సానుద్దీన్ అమానుల్లాల ధర్మాసనం ముందు నడిచింది. కంపెనీ అరవై ఏడు పత్రికల్లో క్షమాపణ వేయించామని చెప్పుకుంది. ఆ క్షమాపణ మీ ప్రకటనలంత పెద్దగా ఉందా అని ధర్మాసనం అడిగింది. మర్నాడు పత్రికల్లో క్షమాపణ మళ్లీ వచ్చింది, ఈసారి పెద్ద సైజులో.